పక్కన సెల్లార్ గుంత, మన గోడకు బీట

ప్రశ్న: మాది విజయవాడలో పటమట వైపు ఇరవై ఫ్లాట్ల అపార్ట్‌మెంటు. 2003లో కట్టారు. కింద పార్కింగు, పైన ఐదంతస్తులు. నేను రిటైర్డ్ టీచర్ని. ఖాళీగానే ఉంటారు కదా అని పోయినేడు సెక్రటరీ పని నాకు అంటగట్టారు. పక్కనున్న పాత డాబా ఇల్లు అమ్ముడుపోయి, కొన్నవాళ్లు దాన్ని పడగొట్టి మూడు వారాలుగా పొక్లెయిన్‌తో తవ్వుతున్నారు. ఒక సెల్లారని కొందరు, రెండని కొందరు అంటున్నారు. రాత్రీ పగలూ మోటార్లు పెట్టి నీళ్లు తోడి రోడ్డు కాలవలోకి వదులుతున్నారు. ఆ వైపు 101, 201 ఫ్లాట్లలో కిటికీ మూలల నుంచి బీటలు వచ్చాయి. ప్రహరీ గోడ అటు ఒరిగింది. బిల్డరు వచ్చి, పనయ్యాక ప్రహరీ కొత్తది కట్టిస్తాను, బిల్డింగంతటికీ రంగులేయిస్తాను, ఈ కాగితం మీద సంతకం పెట్టండి అన్నాడు. మా ప్రెసిడెంటు గారు పెట్టేద్దామంటున్నారు. అమెరికాలో ఉండే 402 ఓనరు రోజూ వాట్సాప్‌లో స్టే తెమ్మంటారు. అవతలి వైపు ఫ్లాట్ల వాళ్లేమో మా గోడలు బాగానే ఉన్నాయి, లాయరు ఖర్చులో మేమెందుకు పడాలి అంటున్నారు. అసోసియేషన్‌ను 2004లో రిజిస్టరు చేసినట్టు కాగితం ఒకటి ఉంది, ఆ తరవాత ఎవరూ ఏమీ పట్టించుకున్నట్టు లేదు. వానలు దగ్గరపడ్డాయి. స్టే తేవాలా, సంతకం పెట్టాలా, రాజీనామా చేసి ఊరుకోవాలా? పైగా వాళ్లది లేచాక మాకు గాలీ వెలుతురూ పోతాయి, దానికేం చెయ్యాలి?

సమాధానం:

టీచరు గారూ, ముందు పొట్టిగా చెప్పేస్తాను. ఆ కాగితం మీద సంతకం పెట్టకండి. స్టే జోలికి ఇప్పుడే పోకండి. రాజీనామా కూడా వద్దు, కనీసం ఆ గుంత పూడేదాకా.

స్టే వద్దన్నందుకు 402 గారికి కోపం వస్తుంది. రానివ్వండి. ఇరవై రెండేళ్లు సైట్లలో ఇంజనీరుగా ఎండలో నిలబడ్డాను, ఆ తరవాత ఆరేళ్లు మా అపార్ట్‌మెంటుకు సెక్రటరీగా తిట్లు తిన్నాను. రెండు వైపుల నుంచీ చూసినవాడిగా చెబుతున్నాను. తవ్వక ముందు ఆ స్థలంతో మీకు ప్రమాదం లేదు. తవ్వి, అడుగున కాంక్రీటు పోసి, చుట్టూ మట్టిని ఆపే రిటైనింగ్ వాల్ లేపి, దాని వెనక మట్టి కూరి, సెల్లార్ మీద స్లాబు వేశాక కూడా లేదు. ఈ రెంటి నడుమ నోరు తెరుచుకుని ఉన్న గుంతతోనే ప్రమాదమంతా. అది ఎన్ని రోజులు తెరిచి ఉంటే మీకు అన్ని రోజులు నిద్ర ఉండదు. రేపు మీరు స్టే తెచ్చారనుకోండి, బిల్డరు మోటార్లు కట్టేసి, పొక్లెయిన్‌ను ఇంకో సైటుకి తోలుకుపోతాడు. ఈలోగా వానలు పడతాయి, కాలవలకు నీళ్లొదులుతారు, గుంత చెరువవుతుంది, ఒడ్డు నానుతుంది. కేసు వాయిదాల మీద వాయిదాలు తిరుగుతుంది. జారేది మాత్రం మీ 101 పక్కనున్న ఒడ్డే.

నేను పనిచేసిన ఒక ఊళ్లో ఇలాంటి గుంత ఒకటి కోర్టు తగాదాలో రెండు వానాకాలాలు అలాగే ఉండిపోయింది. స్టే తెచ్చుకున్న పొరుగువాళ్ల ప్రహరీ, రెండు కొబ్బరి చెట్లు, బట్టలుతికే గట్టు అందులోకి పోయాయి. గెలిచింది మాత్రం వాళ్లే.

కాబట్టి మీకు కావలసింది పని ఆగడం కాదు. ఒడ్డుకు ఆధారం పెట్టి, పద్ధతిగా, వీలైనంత త్వరగా ఆ పని నేల మట్టానికి రావడం. మీరు రాసే ప్రతి ఉత్తరం, అడిగే ప్రతి సంతకం దీనికోసమే.

ఇక మీ బిల్డింగు సంగతి. అందరూ పక్కవాడి గుంతలోకి తొంగిచూస్తున్నారు గానీ, మీ బిల్డింగు దేని మీద నిలబడిందో ఎవరికైనా తెలుసా? విజయవాడ కృష్ణ మేట వేసిన మట్టి మీది ఊరు. బందరు కాలవ, ఏలూరు కాలవ, రైవస్ కాలవ ఊళ్లోంచే పోతాయి. చాలాచోట్ల కాస్త తవ్వగానే ఊట తగులుతుంది. అందుకని ఐదంతస్తులు వేసేవాళ్లు కొందరు పైల్స్, అంటే లోతుగా దిగే కాంక్రీటు స్తంభాలు దింపారు, కొందరు స్తంభాల కింద పైపైన వేసే మామూలు ఫుటింగులతో సరిపెట్టారు. మీది పైల్స్ అయితే బరువు లోతున ఉన్న గట్టి పొర మీద ఉంటుంది. అప్పుడు ముందు దెబ్బ తినేది ప్రహరీ, చుట్టూ వేసిన గచ్చు, నీళ్ల సంపు. ఫుటింగులైతే సంగతి వేరు. దీనికి మునిసిపల్ ఆఫీసు దాకా వెళ్లక్కర్లేదు. 2003లో మొదటగా కొన్నవాళ్లలో ఎవరో ఒకరు బ్యాంకు లోను తీసుకునే ఉంటారు, వాళ్ల లోను ఫైల్లో ప్లాను జిరాక్సు ఉంటుంది. స్ట్రక్చరల్ డ్రాయింగ్ దొరక్కపోతే అప్పట్లో పనిచేసిన మేస్త్రీనో, స్థలం ఇచ్చిన పాత ఓనరునో అడగండి. "పైల్ మిషను వచ్చిందా?" అన్న ఒక్క ప్రశ్న చాలు. ఆ మిషను వస్తే వీధి వీధంతా గుర్తుపెట్టుకుంటుంది.

ఫుటింగులని తేలితే సైట్లో మేం వేసే ఒక మోటు లెక్క ఉంది. మీ ఫుటింగు అడుగు నుంచి గుంత అడుగు ఎంత కిందికి ఉందో చూడండి. గుంత అంచు నుంచి మీ ఫుటింగు ఎంత దూరంలో ఉందో చూడండి. లోతు తేడా కంటే దూరం ఎక్కువుంటే కాస్త ఊపిరి పీల్చుకోవచ్చు. ఉదాహరణకు మీ ఫుటింగు ఐదడుగుల్లో ఉంది, ఒకే సెల్లారు కోసం వాళ్లు పద్నాలుగడుగులు తవ్వారు, తేడా తొమ్మిది. మీరు వదిలిన సందు ఆరడుగులు, వాళ్లు వదిలింది ఐదు, మొత్తం పదకొండు. పరవాలేదు. అదే రెండు సెల్లార్లయి ఇరవై నాలుగడుగులు దిగితే తేడా పందొమ్మిది, దూరం మాత్రం అదే పదకొండు. అప్పుడు ఒడ్డుకు గట్టి ఆధారం లేకుండా ఒక్క రోజు కూడా ఉంచకూడదు. ఒకటా రెండా అన్న విషయం మీ వీధిలో పుకారుగా తిరుగుతోంది చూశారూ, మీకు అన్నిటికంటే ముందు తెలియాల్సింది అదే.

ఇది నీళ్లు లేని గట్టి నేలకు వేసే లెక్క. మీ దగ్గర నీళ్లు తోడుతున్నారు కాబట్టి పరవాలేదన్న చోట కూడా పూర్తి భరోసా లేదు. నేలలో ఊట ఉన్నప్పుడు పైబరువులో కొంత ఆ నీళ్లు మోస్తాయి. నీళ్లు లాగేస్తే ఆ భారం మట్టి రేణువుల మీదే పడి మట్టి నొక్కుకుంటుంది, పైనున్నది దిగుతుంది. ఊట సరిహద్దు గోడ చూసి ఆగదు గనక, వాళ్ల స్థలంలో తోడితే మీ కింద కూడా దిగుతుంది. ఇసుక పొరైతే ఇంకో చిక్కుంది, నీళ్లతో పాటు సన్నటి రేణువులు కూడా మోటార్లోంచి పోతాయి. అంటే మీ బిల్డింగు కింది మట్టి కొంచెం కొంచెంగా రోడ్డు కాలవలో కలుస్తున్నట్టే. బంకమట్టైతే ఇదంతా నెమ్మదిగా జరుగుతుంది, బీటలు నెలల తరవాత కూడా రావచ్చు. బిల్డరు రాసిచ్చే హామీ సెల్లార్ పూర్తయిన రోజుతో ముగిసిపోకూడదనేది ఇందుకే.

రాత్రుళ్లు ఆ మోటార్ల మోత భరించలేక ఆపించమని మీవాళ్లు అడుగుతూనే ఉంటారు. రాత్రి పది నుంచి ఉదయం ఆరు దాకా నివాస ప్రాంతాల్లో మోతచేసే నిర్మాణ యంత్రాలు వాడకూడదని 2000 నాటి శబ్ద కాలుష్య నిబంధనల్లో ఉంది. పొక్లెయిన్, బ్రేకరు, కాంక్రీటు మిషను విషయంలో ఆ నిబంధన గట్టిగా పట్టుకోండి. మోటార్లను మాత్రం ఆపమనకండి. రాత్రికి ఆపితే తెల్లారేసరికి గుంతలో నీళ్లు నిలుస్తాయి, మళ్లీ తోడతారు, రోజూ ఇలా ఎక్కీ దిగీ ఉంటే ఒడ్డు వదులవుతుంది. డీజిలు పంపు తీసేసి కరెంటు పంపు నీళ్లలో దించమనండి, మోత బాగా తగ్గుతుంది.

హైదరాబాదులో గచ్చిబౌలి దగ్గర సిద్ధిఖ్ నగర్‌లో 2024 నవంబరులో బహుళ అంతస్తుల ఇల్లొకటి పక్కకు ఒరిగిపోయింది, గుర్తుందా? పక్క స్థలంలో పునాది కోసం తవ్వుతుండగా జరిగింది. జనాన్ని ఖాళీ చేయించి చివరికి ఇల్లు కూల్చేశారు. చిన్న స్థలంలో ఇరుకుగా లేపిన ఇల్లది, మీకు చుట్టూ సందు ఉంది కాబట్టి దాన్ని తలచుకుని బెంబేలు పడకండి. అలాగని పైల్స్ ఉన్నాయి మాకేంటి అనీ అనుకోకండి. 2009లో షాంఘైలో కొత్తగా కట్టిన పదమూడంతస్తుల భవనం పైల్స్ విరిగి చెట్టులా పడిపోయింది. ఒక వైపు భూగర్భ పార్కింగు కోసం తవ్వి, ఆ మట్టినంతా రెండో వైపు గుట్టలా పోశారు. కాబట్టి తవ్విన మట్టి ఎక్కడ పోస్తున్నారో కూడా చూడండి. మీ ప్రహరీకి ఆనించి గుట్ట వేస్తుంటే ఆ రోజే తీయించండి. మీరూ ఆ వైపు సందులో కార్లు పెట్టకండి, జనరేటరుంటే జరపండి. మీ సంపు గానీ డ్రైనేజీ పైపు గానీ ఆ వైపు కారుతోందేమో ఈ వారమే చూపించండి. కారిన ప్రతి బిందెడు నీళ్లూ ఆ ఒడ్డును నానబెడతాయి. అది వాడి తప్పు కాదు, మనది.

ఇప్పుడు మీ చేతిలో ఉన్న పని. తరగతి హాజరుపట్టీ ఏళ్ల తరబడి రాసిన చెయ్యి మీది. ఒక పొడుగు రిజిస్టరు కొనండి, పేజీకో ఫ్లాటు. బీట ఉన్న ఫ్లాట్లు మాత్రమే కాదు, ఇరవై ఫ్లాట్లూ రాయాలి. అవతలి వైపు 103లో ఏమీ లేదంటే "ఏమీ లేదు" అని రాసి ఓనరు చేత గానీ, అద్దెకుంటే వాళ్ల చేత గానీ సంతకం పెట్టించండి. అక్కడ రేపు బీట వస్తే, నిన్నటిదాకా లేదని చెప్పే సాక్ష్యం అదొక్కటే. ప్రతి బీట చివరా పెన్సిల్‌తో అడ్డంగా గీత గీసి తేదీ వెయ్యండి. పక్కన స్కేలు ఆనించి ఫోటో తీయండి. వారం తరవాత బీట గీత దాటిందేమో చూడండి. బీట మీద అడ్డంగా కాస్త ప్లాస్టర్ ఆఫ్ పారిస్ పెట్టి తేదీ రాసినా సరే, కదలిక ఉంటే ఆ ముద్ద పగులుతుంది.

అన్ని బీటలూ ఒకటి కావు. బీము కింద గోడ కలిసేచోట నిలువునో అడ్డంగానో తిన్నగా ఉండే సన్న గీతలు ఎండకీ వానకీ ఎక్కడైనా వచ్చేవే. కిటికీ మూల నుంచి ఏటవాలుగా, మెట్లు మెట్లుగా ఇటుకల వెంట పాకేవి, ఒక చివర వెడల్పుగా ఇంకో చివర సన్నగా ఉండేవి, ఒక పక్క నేల దిగుతోందని చెబుతాయి. మీరు రాసింది ఈ రెండో రకంలానే ఉంది. నిన్నటిదాకా మూసుకున్న తలుపు ఇవాళ పట్టేస్తోందంటే అదీ రిజిస్టరులోకి ఎక్కాలి. పార్కింగులో ఆ వైపు స్తంభాల మీద బీట కనిపిస్తే మాత్రం రిజిస్టరుతో ఆగకండి, అదే రోజు స్ట్రక్చరల్ ఇంజనీరును పిలవండి.

పాత బీటల్ని దాచకండి. 2003 బిల్డింగుకి పాత బీటలు లేకుండా ఉండవు. మీరే "ఇవి పాతవి" అని విడిగా రాసిస్తే, "ఇవి కొత్తవి" అన్న మాటకు విలువ వస్తుంది. కొత్తవని నిరూపించడానికి ఇంటింటా ఫోటోలు వెతికించండి. పుట్టినరోజు కేకు వెనక, బొమ్మల కొలువు వెనక, పోయిన సంక్రాంతికి చీరలు కట్టుకుని దిగిన ఫోటో వెనక ఆ గోడే ఉంటుంది. ఫోన్లో ఉన్న ఫోటోకి తేదీ కూడా ఉంటుంది.

ఇది మీరు చేసే పని. దీని మీద ఒక స్ట్రక్చరల్ ఇంజనీరు రిపోర్టు పడాలి, అప్పుడే దానికి బలం. లైసెన్సున్న ఇంజనీరైనా సరే, ఇంజనీరింగ్ కాలేజీల సివిల్ విభాగాల వాళ్లయినా సరే, బిల్డరుకి పనిచేసేవాళ్లు మాత్రం కాకూడదు. ఫీజు ముందే మాట్లాడుకోండి.

ఫీజనగానే అవతలి ఫ్లాట్ల వాళ్లు లేస్తారు కదా. వాళ్లతో వాదించకండి. మీటింగుకి వచ్చేటప్పుడు ఎవరి దస్తావేజు వాళ్లని తెచ్చుకోమనండి. అందులో అన్‌డివైడెడ్ షేర్ కింద ఇన్ని చదరపు గజాలు అని రాసి ఉన్న చోటు పైకి చదవమనండి. ఆ గజాలు స్థలంలో ఏ మూలవో ఏ దస్తావేజూ చెప్పదు, విభజించని వాటా అంటేనే అది. 101 కిందున్న మట్టిలో 504 వారికి కూడా వాటా ఉంది. స్తంభాలూ బీములూ ఒకదానికొకటి కట్టుకుని ఉన్నాయి, ఒక వైపు దిగితే అవతలి వైపు స్తంభం మీద కూడా లాగుడు పడుతుంది. రేపు 504 అమ్ముకోబోతే కొనేవాడు ముందు చూసేది కింద 101 గోడే. ఇంజనీరుకీ మిగతా ఖర్చులకీ కలిపి యాభై వేలయ్యాయనుకున్నా తలా రెండున్నర వేలు. ఈ నాలుగు మాటలు చాలు, మీరు ఐదోది చెప్పకండి.

అసోసియేషన్ కాగితాలు ఇప్పుడు సరిచేసుకోకపోతే ముందు ముందు ఎక్కడికి వెళ్లినా అక్కడే ఆగిపోతారు. సొసైటీల రిజిస్ట్రేషన్ చట్టం 2001 కింద రిజిస్టరయిన సంఘం ఏటా కమిటీ జాబితాను రిజిస్ట్రారుకు పంపాలి. ఇరవై ఏళ్లుగా పంపలేదంటే, మీరు బిల్డరుకు నోటీసివ్వగానే అతని వకీలు మొదట అడిగే మాట "అసలు మీరెవరు?" అనేదే. 2004 కాగితం మీద ఏ చట్టమో చూడండి, కొన్ని అపార్ట్‌మెంట్లు పరస్పర సహాయ సహకార సంఘాల చట్టం కింద కూడా నమోదయ్యాయి. సొసైటీయే అయితే జిల్లా రిజిస్ట్రారు ఆఫీసుకి వెళ్లి, బకాయి పడ్డ జాబితాలు దాఖలు చేయడానికి ఏం కావాలో కనుక్కోండి. ఇదేం పెద్ద నేరం కాదు, సగం అపార్ట్‌మెంట్ల పరిస్థితి ఇంతే. మా దగ్గరా నేను వెళ్లేదాకా అదే కథ.

ఇంకో మాట. వాట్సాప్ గ్రూపు జనరల్ బాడీ కాదు. అందులో పదిహేను బొటనవేళ్లు లేచినంత మాత్రాన తీర్మానం అవదు. బైలాల్లో ఎన్ని రోజుల ముందు నోటీసివ్వాలని ఉంటే అన్ని రోజుల ముందు ఇచ్చి మీటింగు పెట్టండి, మినిట్స్ పుస్తకంలో రాయండి, వచ్చినవాళ్లందరి సంతకాలూ తీసుకోండి. తీర్మానం ఒకటే ఉండాలి. పక్క నిర్మాణం విషయంలో బిల్డరుతో, మునిసిపాలిటీతో, అవసరమైతే కోర్టులో అసోసియేషన్ తరఫున మాట్లాడే అధికారం ఫలానా ఇద్దరికి ఉంది, వాళ్లు కూడా జనరల్ బాడీ ఒప్పుకోకుండా ఏ ఒప్పందం మీదా సంతకం పెట్టకూడదు. ఈ రెండో సగంతోనే మీ ప్రెసిడెంటు గారి సమస్య తీరిపోతుంది. ఆయన్ని అమ్ముడుపోయారని ఎవరినీ అననివ్వకండి. రంగులు ఉచితంగా వస్తాయంటే మెయింటెనెన్సు వసూలు చేసి చేసి విసిగిపోయిన ఏ ప్రెసిడెంటుకైనా ఆశ పుడుతుంది. 402 గారికి కూడా ఒక పని అప్పజెప్పండి. తన లోను ఫైల్లోని ప్లాను స్కాన్ చేసి పంపమనండి, తన ఫ్లాటు తాళాలు రిజిస్టరు పని కోసం ఎవరికివ్వాలో ఈమెయిల్ రాయమనండి. పని దొరికితే మెసేజులు తగ్గుతాయి.

ఇక బిల్డరు. అతన్ని శత్రువులా చూడకండి. ఒడ్డు జారితే అందరికంటే ముందు నష్టపోయేది అతనే, కింద అతని కూలీలున్నారు. టీకి పిలవండి, మాట్లాడింది మాత్రం ఆ సాయంత్రమే ఉత్తరంగా రాసి ఇచ్చి, అందినట్టు సంతకం తీసుకోండి. మంజూరైన ప్లాను, స్ట్రక్చరల్ ఇంజనీరు పేరు, ఒడ్డుకు ఏ ఆధారం పెడుతున్నారో చూపే డ్రాయింగ్ అడగండి. మీ వైపు ఒడ్డును మొత్తం ఒకేసారి తెరవకుండా ముక్కలు ముక్కలుగా తవ్వి, ఒక ముక్కకు గోడ లేపాకే పక్క ముక్కకు వెళ్లాలని అడగండి. మీ వైపు రిటైనింగ్ వాల్ ఏ తేదీకి నేల మట్టానికి వస్తుందో రాసివ్వమనండి. తేదీ రాయించుకోవడమే ఇందులో అసలు పని.

అతని ఇన్సూరెన్సు కూడా అడగండి, ఇది చాలామంది మరిచిపోతారు. పెద్ద పనులకు కాంట్రాక్టర్స్ ఆల్ రిస్క్ అనే పాలసీ తీసుకుంటారు. పక్కవాళ్ల ఆస్తికి నష్టం జరిగితే ఇచ్చే భాగం అందులో ఉండొచ్చు. కానీ తవ్వకం వల్ల పక్క కట్టడానికి ఆధారం పోవడం, కంపనాల వల్ల దెబ్బతినడం మామూలుగా అందులోకి రావు, విడిగా చేర్పించుకోవాలి. చేర్పించినా సన్న బీటలకు పైసా రాదు, కూలినప్పుడే. పైగా పని మొదలుపెట్టక ముందు పక్క కట్టడం ఎలా ఉందో రిపోర్టు ఉండాలన్న షరతు పెడతారు. మూడు వారాలు గడిచిపోయాయి కాబట్టి, ఆ రిపోర్టు ఇప్పుడైనా ఇద్దరూ కలిసి చేయించడం అతనికీ లాభమే. ఈ మాట చెబితే ఇంజనీరు ఫీజులో సగం అతనే భరించవచ్చు కూడా.

అతనిచ్చిన కాగితంలో "మాకు ఎలాంటి అభ్యంతరం లేదు, మున్ముందు ఎలాంటి నష్టపరిహారం కోరము" లాంటి వాక్యం ఉంటుంది, చూడండి. ప్రహరీ కట్టిస్తానన్నది మంచిదే, అది అతను చెయ్యాల్సిన పనే, బహుమతి కాదు. రంగుల సంగతి బీటలు ఆగాక మాట్లాడదాం అనండి. కదులుతున్న గోడకి పుట్టీ పెట్టి రంగేస్తే మీ సాక్ష్యమంతా ఆ రంగు కిందికి పోతుంది. అతనితో రాయించుకోవాల్సింది వేరు. తవ్వకం వల్ల వచ్చిన నష్టాన్ని, సెల్లార్ పూర్తయ్యాక రెండేళ్లలో బయటపడిన వాటిని కూడా, ఇద్దరూ ఒప్పుకున్న ఇంజనీరు చెప్పిన పద్ధతిలో బాగుచేయిస్తానని స్టాంపు కాగితం మీద రాసివ్వమనండి. ఆ ముసాయిదా మీ వకీలు రాస్తే మేలు.

సెల్లార్లు ఒకటా రెండా అనేది అతను చెప్పకపోయినా మీకు తెలిసే దారులున్నాయి. మంజూరైన ప్లానును సైట్లో కనబడేలా పెట్టి ఉంచాలని సుప్రీంకోర్టు 2024 డిసెంబరులో ఇచ్చిన తీర్పులో ఆదేశించింది. బోర్డు లేకపోతే లేదని ఫోటో తీసుకోండి. స్థలం 500 చదరపు మీటర్లు దాటినా, ఫ్లాట్లు ఎనిమిది దాటినా అమ్మకానికి ముందు రెరాలో, అంటే రియల్ ఎస్టేట్ నియంత్రణ సంస్థలో నమోదు కావాలి, ఆ వెబ్‌సైటులో ప్రాజెక్టు వివరాలు ఎవరైనా చూడొచ్చు. అవీ కుదరకపోతే సమాచార హక్కు దరఖాస్తు ఉంది, కానీ దానికి ముప్పై రోజుల గడువుంది, మీ గుంత అన్నాళ్లు ఆగదు. అందుకని ముందు వార్డు సచివాలయంలో ప్లానింగ్ సెక్రటరీని కలవండి. "పక్కవాళ్లు ఇబ్బంది పెడుతున్నారు" అని రాయకండి, అలాంటివి రోజూ వంద వస్తాయి. "మంజూరైన సెల్లార్లు ఎన్ని, తవ్వుతున్న లోతు ఎంత, సరిహద్దు నుంచి వదిలింది ఎంత, ఒడ్డుకు ఆధారం ఉందా, కొలిచి చెప్పండి" అని రాయండి. నకలు మీద ముద్ర వేయించుకోండి. కదలిక లేకపోతే సోమవారం గ్రీవెన్సులో అదే కాగితం ఇచ్చి నంబరు తీసుకోండి. ప్లానుకు విరుద్ధంగా తవ్వుతుంటే ఆపించాల్సింది మునిసిపాలిటీ. మీ గోడకు డబ్బులిప్పించడం వాళ్ల పని కాదు, దానికి వాళ్లని తిట్టీ లాభం లేదు.

కోర్టు అసలు వద్దని నేననడం లేదు. ఉత్తరాలకు జవాబు రాక, ఆధారం పెట్టక, బీటలు పెరుగుతుంటే వెళ్లాల్సిందే. అప్పుడు కూడా మొత్తం పని ఆపమని కాకుండా, ఒడ్డుకు ఆధారం పెట్టాకే ముందుకు తవ్వాలని, మీ వైపు గోడ ముందు కట్టాలని కోరమనండి. అడ్వకేట్ కమిషనర్‌ను వేయమని కూడా అడగమనండి. ఆయన వచ్చి కొలిచి, ఫోటోలు తీసి కోర్టుకిచ్చే రిపోర్టుకు మీ రిజిస్టరు కంటే ఎక్కువ బరువు ఉంటుంది. ఇంకో విషయం మీ వకీలుకి గుర్తుచేయండి. పొరుగు స్థలాల మీద ఉండే హక్కుల గురించిన 1882 నాటి ఈజ్‌మెంట్స్ చట్టం ప్రకారం పక్క నేల నుంచి మన ఖాళీ నేలకు ఆధారం సహజ హక్కు. ఆ నేల మీది కట్టడానికి ఆధారం మాత్రం ఇరవై ఏళ్లు అడ్డులేకుండా అనుభవిస్తేనే హక్కవుతుంది. మీది 2003 బిల్డింగు. ఆ లెక్క మీవైపే ఉంది, కాకపోతే దాన్ని ఎలా వాదించాలన్నది ఆయన చూసుకోవాలి. ఈలోగా ఎవరూ ఆవేశపడి టిప్పర్లకు అడ్డంగా కుర్చీలేసుకుని కూర్చోకండి. ఆ వీడియోతో కేసు మీ మీదికే తిరుగుతుంది.

గాలీ వెలుతురూ అడిగారు. వాళ్లు ప్లాను ప్రకారం సెట్‌బ్యాకులు, అంటే చుట్టూ ఉండాల్సిన ఖాళీ, వదిలి కడితే, ఇన్నాళ్లు పక్కన చిన్న డాబా ఉంది కాబట్టి కనిపించిన ఆకాశం కోసం గట్టిగా పోట్లాడలేం. వదలకపోతే అది మళ్లీ మునిసిపాలిటీ ఫిర్యాదే. ఇప్పుడు దాన్ని గుంత గొడవలో కలపకండి.

ఒక్క విషయంలో మాత్రం మీటింగులూ తీర్మానాలూ చూడొద్దు. ప్రహరీకి సమాంతరంగా మీ సందులో నేల మీద పొడుగాటి చీలిక కనిపించినా, గంటల్లోనే బీటలు వెడల్పయినా, ఒడ్డు ఉబ్బి కనిపించినా, ఆ వైపు ఫ్లాట్ల వాళ్లని వెంటనే బయటికి రప్పించి 112కి, ఫైర్ స్టేషన్ నంబరు 101కి ఫోన్ చేయండి. గుంతలో కూలీలుంటే వాళ్లనీ కేకేసి పైకి పిలవండి. ఈ నంబర్లు లిఫ్టు దగ్గర అంటించండి, వాచ్‌మన్‌కి ఆ చీలిక ఎలా ఉంటుందో చూపించి చెప్పండి, రాత్రిపూట మెలకువగా ఉండేది అతనే.

మీటింగు పెట్టేలోగా రోజూ పొద్దున్నే ఒక పని చేయండి. మోటారు పైపు నుంచి పడే నీళ్లు రోడ్డు కాలవ దగ్గర ఒక పారదర్శకమైన లీటరు సీసాలో పట్టండి. తేదీ రాసి కిటికీలో పెట్టండి, సాయంత్రానికి అడుగున ఎంత మట్టి పేరుకుందో స్కేలుతో కొలిచి రిజిస్టరులో రాయండి. నీళ్లు తేటగా ఉండి అడుగున పొర కూడా కట్టకపోతే మంచిదే. రోజురోజుకీ మట్టి పెరుగుతుంటే ఆ సీసాలు వరసగా పెట్టి ఫోటో తీసి బిల్డరు ఇంజనీరుకు పంపండి, నాకూ పంపండి.